పాశలత పందిరి కింద

కోటగోడను ఆనుకుని ఉన్న ఆ పెద్ద పెరటిలో, ఎండిపోయిన కొలను ఒడ్డున, మందారవల్లి తన తండ్రిని చూసింది.

అతడు నిలువెత్తు రాతివిగ్రహమై నిలబడి ఉన్నాడు. ఎవరినో వద్దని వారిస్తున్నట్లు కుడిచెయ్యి ముందుకు చాచి ఉంది. ఆ చేతిమీద ఎవరో తడి తువాలు ఆరేశారు. భుజాలమీద కాకులు వాలి వాలి తెల్లని చారలు కట్టాయి.

“ఏమోయ్ కలభా! అట్లా గుడ్లప్పగించి చూస్తావేం? బొమ్మ నచ్చిందా?” అన్నాడు మహాదండనాయకుడు వక్రసేనుడు. నోట్లోని తాంబూలాన్ని విగ్రహం పాదాలమీద ఉమ్మి, వేళ్ళకంటిన ఎరుపును దాని ఛాతీకి తాపీగా తుడుచుకున్నాడు.

మందారవల్లి గోళ్ళు అరచేతుల్లోకి దిగబడ్డాయి. అయినా ముఖంలో చిరునవ్వు చెదరలేదు. ఇప్పుడామె తలపాగా చుట్టి, పెదవిమీద నూనూగు మీసం అతికించుకుని, శుక్తిద్వీపం నుంచి ఓడ దిగిన ఉద్యానశిల్పి కలభుడు.

“బ్రహ్మాండంగా ఉంది ప్రభూ. ఏ శిల్పి చెక్కాడు?”

వక్రసేనుడు పకపకా నవ్వాడు. “మా ఊర్ధ్వకేశి చెక్కాడు. ఉలి ముట్టుకోకుండా!”

అతని వెనుక నీడలా నిలబడ్డ మాంత్రికుడు ఊర్ధ్వకేశి నవ్వలేదు. నెత్తిమీద నిక్కబొడుచుకున్న ఎర్రని జుట్టు గాలికి కూడా కదలనివాడు అతడు. రెప్పవాల్చకుండా కొత్తగా వచ్చిన తోటశిల్పినే చూస్తున్నాడు.

ఆ రాతిమనిషి కథ విరజాపుర రాజ్యంలో ముగ్గురికే తెలుసు. మందారవల్లి పసిపిల్లగా ఉన్నప్పుడు ఆమె తండ్రి సోమధరుడు రాజ్యంలోకెల్లా గొప్ప ఉపవనశిల్పి. వక్రసేనుడి కోసం ఈ పెరటిలోనే విందుతోట కట్టాడు. ఆ తోట ప్రవేశోత్సవానికి అతిథిగా వచ్చిన మహారాజుకు వక్రసేనుడు విషపానీయం అందించాడు. పాత్రలో పొడి కలపడం సోమధరుడు చూశాడు. “తాగకండి ప్రభూ!” అని చెయ్యి చాచి పరుగెత్తబోయాడు. అంతే. ఊర్ధ్వకేశి మంత్రదండం తిప్పాడు. మాట గొంతులోనే, చెయ్యి గాలిలోనే రాయి అయిపోయాయి. మహారాజు పాము కాటుతో పోయాడని మర్నాడు చాటింపు వేశారు. పొదచాటున వణుకుతూ ఇదంతా చూసిన సోమధరుడి భార్య, బిడ్డను చంకనేసుకుని సముద్రం దాటింది. శుక్తిద్వీపంలో కన్నుమూసే ముందు కూతురికి ఆస్తిగా ఈ ఒక్క కథే మిగిల్చింది.

ఆనాటినుంచి బాలుడైన రత్నాంగద యువరాజు పేరుతో వక్రసేనుడే రాజ్యమేలుతున్నాడు. ఇప్పుడు యువరాజుకు పట్టాభిషేకం చేసే వయసు వచ్చింది. ఆ సంబరానికి ముందు సామంతులందరినీ పిలిచి ఆరుబయట గొప్ప విందు చెయ్యాలని, పాడుపడిన తోటను మళ్ళీ కట్టించాలని దండనాయకుడు దేశదేశాలకు కబురు పంపాడు. ఆ కబురు మందారవల్లి చెవిన పడ్డ రోజునే ఆమె విషవనానికి బయలుదేరింది. కాటేసే పువ్వులనూ, కరిచే వేళ్ళనూ తప్పించుకుని అక్కడినుంచి ఏం తెచ్చిందో, అది తడి గోనెలో చుట్టి ఆమె సామానుబండి అడుగున నిద్రపోతోంది.

“సరే, చెప్పు. ఈ బీడును ఏం చేస్తావ్?” అన్నాడు వక్రసేనుడు.

మందారవల్లి ఒంగి గుప్పెడు దుమ్ము తీసుకుని గాలిలోకి వదిలింది. అది ఎటు కొట్టుకుపోతుందో చూసింది. పడమటి గోడమీద ఎండ ఎక్కడికి దిగిందో చూసింది.

“అతిథి ముందు కూర్చోవాలి ప్రభూ, ఆ తరవాతే తోటను చూడాలి. అందుకని నేను చెట్లకంటే ముందు కూర్చునే చోట్లు వేస్తాను. మధ్యన రాతి చపటా. దానిచుట్టూ మోకాలెత్తు అరుగులు. సాయంత్రపు గాలి వచ్చేవైపు విరజాజి, సంపెంగ. చపటా రాళ్ళ సందుల్లో మరువం, దవనం. నడిచేవాళ్ళ అడుగు పడితే గుప్పుమంటాయి. దోమ దగ్గరికి రాకుండా చుట్టూ నిమ్మగడ్డి. కొలనులో జలయంత్రం. మాటలు పక్కవాడికి వినపడాలి, పైవాడికి వినపడకూడదు. నీటి చప్పుడును అంతకు తగ్గట్టే సవరిస్తాను.”

వక్రసేనుడి కళ్ళు మెరిశాయి. “అబ్బో! మరి నేనెక్కడ కూర్చోవాలి?”

“అది తమరి ఇష్టం ప్రభూ,” అంది మందారవల్లి వినయంగా తలవంచి. “ఏ చోటు నచ్చితే అక్కడే.”

అందులోనే ఆమె పగ అంతా ఉంది.

వక్రసేనుడిలాంటివాడు ఎలా కూర్చుంటాడో ఆమెకు తెలుసు. వీపు వెనుక గోడ ఉండాలి. వచ్చేపోయే దారులన్నీ కంటికి ఆనాలి. తనకు నీడ కావాలి, ఎదుటివాడి మొహాన వెలుగు పడాలి. అందుకని ఆమె తూర్పు అరుగుకు వాలుటెండ సరిగ్గా కళ్ళలో కొట్టేలా దాని ఎదుటి చెట్లను పొట్టిగా ఉంచింది. దక్షిణపు అరుగును జలయంత్రం తుంపరకు అందేలా జరిపింది. ఉత్తరాన వంటపొయ్యిలు వేయించింది.

ఆ పొయ్యిల దగ్గరే భవనపు పెద్ద వంటగత్తె నాగమాంబ ఆమెతో తగువు వేసుకుంది.

“ఇక్కడ పొయ్యి పెడితే పొగంతా ఆ అరుగుమీద కూర్చున్నవాళ్ళ మొహాన కొడుతుంది నాయనా! నువ్వేం తోటశిల్పివయ్యా?”

“గాలి మళ్ళుతుందిలే అమ్మా.”

“ఏం మళ్ళదు. నా జుట్టు ఈ పొగలోనే నెరిసింది, నాకు చెప్పకు.” ఆవిడ గొంతు తగ్గించింది. “అసలీ ఇంట విందంటేనే నాకు గుండెదడ బాబూ. ఆ రాతి బొమ్మ ఉందే, దాని కంట ఒక్కోసారి నీళ్ళు కారతాయి. నేను కళ్ళారా చూశాను. అయ్యగారు తాగినప్పుడల్లా వేలికున్న నల్లరాతి ఉంగరం చూపించి, ‘ఇది వాడి నుదుటికి తగిలితే లేచి కూర్చుంటాడు, తగిలించనా?’ అని పరాచికాలాడతాడు. పాడు నవ్వు!”

మందారవల్లి చేతిలోని తాపీ జారి కిందపడింది. ఇన్నాళ్ళూ ఆమె వచ్చింది చంపడానికే. తండ్రి మళ్ళీ ఊపిరి తీసుకుంటాడన్న ఆశ ఆమె కలలో కూడా పెట్టుకోలేదు.

“ఏమయింది నాయనా, అట్లా పాలిపోయావ్?”

“పొగమ్మా,” అంది మందారవల్లి మొహం తిప్పుకుని.

పడమటి గోడకు ఆనుకున్న అరుగు ఒక్కటే సుఖమైన చోటుగా మిగిలింది. దానిమీద ఎత్తైన పందిరి వేసి, విషవనం నుంచి తెచ్చిన పాశలతను పాకించింది. ఊదారంగు గుత్తులతో, తేనెవాసనతో, చూసినవాళ్ళు కళ్ళు తిప్పుకోలేని తీగ అది. వేళ్ళు తడిగా ఉన్నంతసేపూ పసిపాపలా నిద్రపోతుంది. దాహం వేసిందంటే మాత్రం మేలుకుని, అందిన వెచ్చని ఒంటినల్లా చుట్టి పిండేస్తుంది. మందారవల్లి దాని పాదులో మట్టి వెయ్యలేదు. ఇసుక వేసింది, నీరు ఆగితే పొడిబారడానికి క్షణం పట్టకుండా. జలయంత్రం తొట్టినుంచి వెదురుగొట్టం గుండా సన్నని ధార ఆ పాదులో పడుతుంది. ఆ ధారను ఆపే తూముపలక గోరింట కంచె వెనుక, తోటశిల్పి నిలబడే చోట ఉంది.

ఊర్ధ్వకేశి ఒకనాటి ఉదయం పందిరి కిందికి వచ్చి గాలి పీల్చాడు.

“ఈ తీగ పేరేమిటి?”

“మా ద్వీపంలో వేసవిచెలి అంటాం స్వామీ.”

“దీనికి విషవనం వాసన వస్తోందే!” అతడు చప్పట్లు చరిచాడు. సేవకులు ఒక మేకపిల్లను తెచ్చి పందిరి గుంజకు కట్టేశారు. “సాయంత్రందాకా ఇది ఇక్కడే ఉంటుంది. నువ్వూ నా కళ్ళముందే ఉండు.”

పొద్దు ఎక్కింది. మేకపిల్ల నీడలో పడుకుని నెమరు వేస్తోంది. ఊర్ధ్వకేశి రెప్పవెయ్యడంలేదు. మధ్యాహ్నం వేళ పెద్ద గాలి లేచి తోటంతా ఊపేసింది. గాలి ఆగాక మందారవల్లికి ఏదో లోపించినట్లనిపించింది. చెవి ఒగ్గింది. పాదులో పడే నీటి చప్పుడు లేదు! రాలిన ఆకు వెదురుగొట్టానికి అడ్డం పడింది. పందిరి అంచున ఒక లేతకొస ఒళ్ళు విరుచుకుంటున్నట్లు కదిలింది. మెల్లగా మేకపిల్ల మెడవైపు వంగింది.

ఆమె కెవ్వుమని అరిచి గొట్టంవైపు దూకింది. “పాము! స్వామీ, కాళ్ళదగ్గర పాము!”

ఊర్ధ్వకేశి ఎగిరి గంతేసి కిందికి చూశాడు. ఆ ఒక్క క్షణంలో ఆమె కర్రతో గొట్టంమీద బలంగా కొట్టింది. ఆకు ఎగిరిపడింది. నీరు మళ్ళీ గలగలమంది. తీగకొస మేక చెవిని తాకి, నిద్రమత్తులో జారిపోయింది.

“ఎక్కడ పాము?”

“పొదలోకి దూరింది స్వామీ.”

మాంత్రికుడు ఆమెను ఎగాదిగా చూశాడు. మేకపిల్లను చూశాడు. అది హాయిగా నిమ్మగడ్డి మేస్తోంది. దాని కట్టు విప్పించి వెళ్ళిపోయాడు.

విందురోజు వచ్చింది.

పొద్దు గోడమీదికి వాలేవేళకు ఆ తోట భూమికి దిగిన ఇంద్రధనుస్సులా ఉంది. చలువరాతి చపటా మీద పన్నీరు చల్లారు. జలయంత్రం నుంచి ఎగసిన బిందువులు సంజకెంపులో పగడాలై రాలుతున్నాయి. కొమ్మకొమ్మకూ కట్టిన అభ్రకపు బుడ్లలో దీపాలు వెలిగించారు. పెంపుడు నెమళ్ళు అరుగుల మధ్య పురివిప్పి తిరుగుతున్నాయి. సామంతరాజులు పట్టుబట్టలు గరగరలాడిస్తూ వస్తున్నారు. వాళ్ళ అడుగుల కింద మరువం నలిగి పరిమళం లేస్తోంది.

వక్రసేనుడు వచ్చాడు. తూర్పు అరుగుమీద కూర్చుని, కళ్ళలో ఎండ పడి లేచాడు. దక్షిణాన తుంపర తగిలి చిరాకుపడ్డాడు. ఉత్తరాన పొగకు దగ్గాడు. చివరికి పడమటి పందిరి కిందికి వెళ్ళి, గోడకు వీపు ఆనించి, తోటనంతా కలయజూసి తృప్తిగా నిట్టూర్చాడు.

“ఇదీ చోటంటే!”

కంచె వెనుక మందారవల్లి చెయ్యి తూముపలకమీద పడింది. ఎన్నో ఏళ్ళుగా కడుపులో రగిలిన నిప్పు ఆమె వేళ్ళ కొసలదాకా పాకింది. ‘నాన్నా, చూడు!’ అనుకుంది.

అంతలో కొమ్ములు మోగాయి. “రత్నాంగద యువరాజులవారు వేంచేస్తున్నారు!”

తోటంతా లేచి నిలబడింది. గోధుమవన్నె ఒంటిమీద ఒకే ఒక్క ముత్యాలసరంతో, ఎవరినీ అనుమానించడం తెలియని నవ్వుతో యువరాజు వచ్చాడు. వక్రసేనుడు ఎదురేగి రెండు చేతులూ పట్టుకున్నాడు.

“రండి బాబూ! ఈ తోటలోకెల్లా మంచి చోటు మీదే.” అతన్ని తీసుకువెళ్ళి పాశలత పందిరి కింద కూర్చోబెట్టాడు.

మందారవల్లి కళ్ళముందే ఊర్ధ్వకేశి వెండిపాత్రలో పానకం నింపాడు. అతని బొటనవేలి గోటి కిందనుంచి నీలంపొడి రాలి పాత్రలో కరిగిపోయింది. అచ్చం అమ్మ చెప్పినట్లే! మహారాజును చంపిన తోటలోనే ఆయన కొడుకునూ చంపుతున్నారు.

అరిస్తే వినేదెవరు? చుట్టూ దండనాయకుడి భటులే. పరుగెత్తితే అందేదెట్లా? పాత్ర అప్పటికే యువరాజు పెదవుల దగ్గరికి లేచింది. ఆమె చేతికింద ఉన్నది ఒక్క తూముపలకే. పళ్ళు బిగించి దాన్ని దింపేసింది.

ఇసుక ఆరింది. పాశలత మేలుకుంది.

ఊదాపూలు ముడుచుకుపోయాయి. పందిరినుంచి తీగలు కొరడాల్లా దిగి యువరాజు చేతిని, మెడను, నడుమును చుట్టేశాయి. పాత్ర ఎగిరి చపటామీద పడింది. ఒలికిన పానకాన్ని పొడిచిన నెమలి ఒక్కసారి క్రేంకారం చేసి, గిరగిరా తిరిగి చచ్చిపడింది. రాళ్ళ సందుల్లోని మరువం బొగ్గులా మాడిపోయింది.

“విషం!” అని ఒక సామంతుడు కేక పెట్టాడు. “దండనాయకుడి పాత్రలో విషం!”

మందారవల్లి తూముపలక పైకెత్తింది. కాని ఊర్ధ్వకేశి ఆమెను చూడనే చూశాడు. ఒక్క తన్నుతో వెదురుగొట్టాన్ని ముక్కలు చేశాడు. యువరాజు ముఖం నల్లబడుతోంది. “నీళ్ళు! ఆ పాదులో నీళ్ళు పొయ్యండి!” అని ఆమె గొంతు చించుకుంది. ఎవరూ కదల్లేదు. పొయ్యిల దగ్గరనుంచి నాగమాంబ మజ్జిగ కడవ ఎత్తుకుని రొప్పుతూ రోజుతూ వచ్చి, కడవంతా పాదులో గుమ్మరించింది.

“తాగవే, తాగి చావు!”

తీగ పట్టు సడలింది. యువరాజు గుటకలు వేస్తూ ఊపిరి అందుకున్నాడు. తీగలు మాత్రం ఇంకా అతన్ని వదులుగా చుట్టే ఉన్నాయి.

“ఆ తోటవాడే హంతకుడు! నరకండి!” అని గర్జించాడు వక్రసేనుడు.

మందారవల్లి తలపాగా విసిరికొట్టింది. పొడవైన జడ వీపుమీదికి జారిపడింది. మీసం పీకేసింది. “నేను సోమధరుడి కూతుర్ని, వక్రసేనా! మహారాజును నువ్వు చంపుతుంటే చూసి రాయైపోయినవాడి కూతుర్ని! నా పేరు మందారవల్లి. చచ్చేముందు బాగా గుర్తుపెట్టుకో!”

సామంతులు ఒరల్లోంచి కత్తులు దూశారు. భటులూ వాళ్ళూ అరుగులమీదే కలబడ్డారు. దీపపుబుడ్లు పగిలాయి, బంగారు పళ్ళేలు బంతుల్లా దొర్లాయి. వక్రసేనుడు ఒక్క చూపులో అపాయం గ్రహించి గోరింట కంచెల నడుమ సన్నని బాటలోకి దూకాడు. దాని చివర కోట బయటికి పోయే రహస్యద్వారం ఉంది. ఆ బాట మనిషి ఒక్కడు పట్టేంత ఇరుకు. అట్లా వేసింది మందారవల్లే. అతడు ద్వారం దగ్గరికి చేరేసరికి, కంచె వెనుకగా ముందే వచ్చిన ఆమె కొమ్మలు నరికే కొడవలి పట్టుకుని ఎదురుగా నిలబడి ఉంది.

“దారి వదులు పిల్లా! ఏం కావాలన్నా ఇస్తాను!”

“ఇస్తావా? అయితే ఆ ఉంగరం ఇవ్వు.”

అతడు కత్తి దూసి మీదికి వచ్చాడు. ఇరుకుబాటలో కత్తి విసరడానికి చోటులేక కంచెలో చిక్కుకుంది. కొడవలి ఒక్కసారి మెరిసింది. వక్రసేనుడు భోరున ఏడుస్తూ మోకాళ్ళమీద కూలబడ్డాడు. తెగిన వేలినుంచి నల్లరాతి ఉంగరం మట్టిలో దొర్లింది.

కొడవలి మళ్ళీ పైకి లేచింది. అతని మెడ ఆమె కాళ్ళదగ్గర వంగి ఉంది. ఒక్క వేటు చాలు. అప్పుడే తోటలోనుంచి రాయి పగిలే చప్పుడు వినిపించింది. కొట్లాటలో ఎవరో తగిలి విగ్రహం పక్కకు ఒరుగుతోంది! మందారవల్లి వేటు ఆపి, ఉంగరం అందుకుని వెనుదిరిగి పరుగెత్తింది. ఒరిగిపోతున్న తండ్రిని భుజంతో ఆపి, ఉంగరాన్ని నుదుటికి అదిమింది.

రాతిమీద సన్నని పగుళ్ళు పాకాయి. పెంకులు రాలాయి. వాటి కింద వెచ్చని చర్మం, నెరిసిన గడ్డం, వణికే పెదవులు. ఎన్నో ఏళ్ళ కిందట గొంతులో ఆగిన మాట బయటపడింది.

“... తాగకండి ప్రభూ!”

“తాగలేదు నాన్నా,” అంది మందారవల్లి వెక్కుతూ. “ఈసారి తాగలేదు.”

సోమధరుడు అయోమయంగా ఆమె చెంప తడిమాడు. “అచ్చం మా ఇంటిదానిలా ఉన్నావు. ఎవరమ్మా నువ్వు?”

ఆమె జవాబు చెప్పబోయింది. ఆకాశం చీకటైంది. ఊర్ధ్వకేశి జుట్టు జ్వాలలా లేచి, చేతులు రెక్కలై, ఏనుగంత గండభేరుండమై పైకి ఎగిరాడు. ఆ రెక్కల గాలికి పందిరి గుంజలతో సహా ఊడిపోయింది. ఒక కాలిగోళ్ళతో యువరాజును, అతన్ని చుట్టుకున్న పాశలతను వేళ్ళతో సహా పెరికి ఎత్తుకున్నాడు. కంచెమీదుగా వాలి వక్రసేనుణ్ణి వీపుమీదికి విసురుకున్నాడు.

సోమధరుడు కూతురి చెయ్యి పట్టుకున్నాడు. పైకి లేస్తున్న యువరాజు ముఖం చూశాడు. “ఆ బిడ్డ ... మహారాజు పోలికే. తండ్రిని కాపాడలేకపోయాను తల్లీ!”

“నేను తెస్తాను నాన్నా. ఇద్దర్నీ తెస్తాను. ఒకణ్ణి ప్రాణాలతో.”

కొడవలి పళ్ళమధ్య కరిచిపట్టుకుని, ఆమె కొలను అంచుమీదినుంచి ఎగిరి, నేలమీద ఈడ్చుకుపోతున్న తీగకొసను అందుకుంది.

క్షణంలో తోట అరచేయంత అయింది. కోట కుంకుమభరిణెంత అయింది. సముద్రం కింద నల్లగా కదిలింది. పాదు ఊడిన పాశలతకు మళ్ళీ దాహం వేస్తోంది. అది ఆమె మణికట్టును చుట్టి బిగించింది. బిగించేకొద్దీ ఆమె జారిపడకుండా ఆపింది. నొప్పికి కళ్ళు తిరుగుతున్నా, ఆమె చేతిమీద చెయ్యి వేస్తూ ఎక్కసాగింది. యువరాజు పైనుంచి చెయ్యి చాచి ఆమె మోచెయ్యి అందుకుని లాగాడు.

“ఇంకా పైకి వెళ్ళాలి,” అంది ఆమె.

“పైనున్నది వాడేనమ్మా!” అన్నాడు యువరాజు.

“అందుకే!”

గండభేరుండం వీపుమీద వక్రసేనుడు బోర్లా పడి, ఈకలు పట్టుకుని వేళ్ళాడుతున్నాడు. వేలు తెగిన చేతినుంచి నెత్తురు బొట్లుబొట్లుగా కిందికి రాలుతోంది. తీగకొస ఒకటి ఆ వెచ్చదనాన్ని పసిగట్టి తల ఎత్తింది. పక్షి కాలిమీదుగా, పొట్టమీదుగా, రెక్కసందుల్లోనుంచి పాకింది. చేతికి ఏదో మెత్తగా తగిలేసరికి వక్రసేనుడు ఉలిక్కిపడి కిందికి తొంగిచూశాడు.

అతని మణికట్టు చుట్టూ ఊదాపూల తీగ బిగుసుకుంటోంది. ఆ తీగను పట్టుకుని, పళ్ళమధ్య కొడవలితో, మందారవల్లి అతనివైపు ఎక్కి వస్తోంది.